పొదుపు పాఠం: దాని పుట్టుక, దాని వర్గస్వభావం

ఇటీవల మన కాలేజీలలో "ఆర్థిక అక్షరాస్యత" అనే మాట తరచు వినబడుతోంది. విద్యార్థికి డబ్బు సంగతి తెలియాలి. రాబడికీ ఖర్చుకూ పద్దు రాసుకోవటం, పొదుపు చెయ్యటం, బ్యాంకు, బీమా, షేర్లు, అప్పు - ఇవన్నీ నేర్పాలి. దానితోపాటు డబ్బు విషయంలో మనిషి మనస్సు ఎట్లా పనిచేస్తుందో కూడా బోధించాలి. ఇదీ ఈ కొత్త పాఠం సారాంశం. రిజర్వు బ్యాంకూ, తక్కిన నియంత్రణ సంస్థలూ కలిసి 2013లో ఒకసారి, 2020లో మరొకసారి దీనికోసం జాతీయ వ్యూహం ప్రకటించాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022 నుంచి డిగ్రీ విద్యార్థులకు దీన్నొక కోర్సుగానే పెట్టింది.

మన అభ్యుదయ మిత్రులలో దీన్ని గురించి రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. ఇది కేవలం పెట్టుబడిదారీ భావజాలమనీ, చాలీచాలని జీతమిచ్చి దానితో పొదుపుగా బతకటం నేర్పటం మోసమనీ, దీన్ని దూరం పెట్టటమే మన పని అనీ కొందరి వాదన. కూడికలూ తీసివేతలూ నేర్పే పాఠంలో వర్గమేమిటి, రాజకీయమేమిటి అని మరికొందరి వాదన. మొదటివారు చరిత్రలో ఒక సగాన్ని మాత్రమే చూస్తున్నారు. రెండోవారు ఏ సగాన్నీ చూడటం లేదు. నేను తెలుగు అధ్యాపకుణ్ణి, అర్థశాస్త్రం నా శాస్త్రం కాదు. మా కాలేజీలో తెలుగు పీరియడ్లు తగ్గి, ఆ ఖాళీలో ఈ పాఠం నా చేతికి వచ్చింది. చెప్పవలసి వచ్చినవాడు దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కోవటం సహజమే కదా.

పొదుపును గురించి గ్రంథాలు రాసి ప్రపంచ ప్రసిద్ధి పొందినవాడు శామ్యూల్ స్మైల్స్. ఆయన "సెల్ఫ్ హెల్ప్" 1859లో వచ్చింది, మొదటి ఏడాదిలోనే ఇరవై వేల ప్రతులు అమ్ముడుపోయింది. "థ్రిఫ్ట్" అనే పుస్తకం 1875లో వచ్చింది. పేదవాడు పేదగా వుండటానికి ముఖ్యకారణం అతని అలవాట్లే అన్న అభిప్రాయానికి ఈయన పేరు పర్యాయపదమైపోయింది. కాని ఈ స్మైల్స్ ఎక్కణ్ణుంచి బయలుదేరాడు? 1838 నుంచి కొంతకాలం ఆయన లీడ్స్ నగరంలో ఒక సంస్కరణవాద పత్రికకు సంపాదకుడు. కార్మికులకు ఓటుహక్కు కావాలని అడిగిన మనుషుల మధ్య తిరిగినవాడు. ఆ నగరంలో ఇద్దరు ముగ్గురు యువకులైన పనివాళ్ళు శీతాకాలపు రాత్రులలో ఒకచోట చేరి, తమకు తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవటం మొదలుపెట్టారు. క్రమంగా నూరుమంది దాకా అయ్యారు. అంతకు ముందు కలరా రోగులకోసం వాడిన పెద్దగదిని అద్దెకు తీసుకున్నారు. ఆ కారణంగా దాన్ని ఇంకెవరూ అద్దెకు అడగలేదు. 1845లో వాళ్ళు పిలిస్తే స్మైల్స్ వెళ్ళి ఉపన్యాసాలిచ్చాడు. ఆ ఉపన్యాసాలే పద్నాలుగేళ్ళ తర్వాత పుస్తకమయ్యాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి వుంది. ఆ గదిలో జరిగింది నూరుమంది కలిసి చేసుకున్న పని. పుస్తకంలోకి వచ్చేసరికి అది ఒక్కొక్కడు ఒంటరిగా పైకెక్కటాన్ని గురించిన కథల సంపుటి అయింది. గదిని పుస్తకం మింగేసింది. ఆ మధ్యకాలంలో చార్టిస్టు ఉద్యమం 1848 తర్వాత వెనకపట్టు పట్టింది. స్మైల్స్ రైల్వే కంపెనీలలో ఉద్యోగి అయ్యాడు. ఆయన మోసగాడని నేను అనను. ఉద్యమం ఓడిపోయినప్పుడు అదే మాటలు మరో అర్థంతో మిగిలిపోతాయి. సాహిత్యచరిత్ర చదివినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

ఆ రోజులలోనే, లీడ్స్‌కు ఎంతో దూరంలేని రాచ్‌డేల్‌లో మరో రకం పాఠం నడిచింది. 1844లో ఇరవై ఎనిమిదిమంది, చాలావరకు నేతపనివాళ్ళూ చేతిపనులవాళ్ళూ, మనిషికొక పౌను చొప్పున కూడబెట్టి ఒక దుకాణం తెరిచారు. వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్‌పిండి, కొవ్వొత్తులు - ఇవీ వాళ్ళ మొదటి సరుకులు. వాళ్ళు పెట్టుకున్న గట్టి నియమం ఒకటే, అరువు లేదు. ఇది నీతిసూత్రంగా పుట్టలేదు. కొట్టువాడి దగ్గర అరువు పెట్టిన పనివాడు ఆ కొట్టుకు కట్టుబడిపోతాడు. కల్తీ పిండి ఇచ్చినా, తక్కువ తూచినా నోరెత్తలేడు. ఆ బంధం తెంచుకోవటానికి రొక్కం నియమం పెట్టుకున్నారు. 1850ల నుంచి మిగులులో నూటికి రెండున్నర వంతు చదువుకు కేటాయించి, దుకాణం పైన పుస్తకాలగది నడిపారు. లాభనష్టాల లెక్క ప్రతి సభ్యుడికీ తెలియాలి, తెలియకపోతే దుకాణం నిలవదు. కాబట్టి పద్దులు చదవటం వాళ్ళకు ఒక ఆయుధమైంది. పొదుపు అనే మాటను మొత్తంగా పెట్టుబడిదారుకు రాసిచ్చేసే మన మిత్రులు ఈ ఇరవై ఎనిమిదిమందిని ఏ పద్దులో వేస్తారో నాకు అర్థం కాదు.

ప్రభుత్వాలు రంగంలోకి దిగింది ఆ తర్వాత. గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా వున్నప్పుడు 1861లో బ్రిటన్‌లో పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకు వచ్చింది. పేదవాడి పెన్నీ భద్రంగా వుంటుంది, ప్రభుత్వానికి చౌకగా అప్పు పుడుతుంది. మనదేశంలో పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకు 1882 ఏప్రిల్ 1న మొదలైంది. ఈ తేదీని ఒంటరిగా చదవకూడదు. దానికి నాలుగేళ్ళ ముందే 1876-78 కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టింది. ఆ కరువులో 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, సహాయపు పనులలో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. ఖజానా పొదుపు చేసిన పద్ధతి అది. ఆ సర్కారే నాలుగేళ్ళకు మితవ్యయం నేర్పటానికి పాస్‌బుక్కు పట్టుకొచ్చింది. ఆ పాస్‌బుక్కు పనికిమాలినదని కాదు. తరతరాలుగా మన పల్లెలలో పోస్టుమాను చేతికిచ్చిన డబ్బు భద్రంగానే వుంది. కాని పాఠం ఎవరు చెబుతున్నారో, వాళ్ళ చేతిలో ఇంకేముందో చూడకుండా పాఠాన్ని అంచనా కట్టలేం.

ఈ సంగతి అన్నిటికంటె స్పష్టంగా తెలిసే ఘట్టం అమెరికాలో వుంది. మన పాఠ్యగ్రంథాలలో ఇది కనిపించదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1865 మార్చి 3న అబ్రహాం లింకన్ సంతకంతో "ఫ్రీడ్‌మన్స్ సేవింగ్సు బ్యాంకు" ఏర్పడింది. బానిసత్వం నుంచి అప్పుడప్పుడే బయటపడుతున్న నల్లజాతి ప్రజలకోసం, అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల జీతాలు దాచటం కోసం పెట్టిన బ్యాంకు అది. ముందు నడిచినవాడు జాన్ ఆల్వర్డ్ అనే మతబోధకుడు. ఇది ఒక బ్యాంకుగా ఎంత పనిచేసిందో ఒక బడిగానూ అంత పనిచేసింది. రోజుకు పది సెంట్లు దాస్తే ఏళ్ళు గడిచేకొద్దీ ఎంతవుతుందో చూపే పట్టికలు పాస్‌బుక్కులలో అచ్చువేశారు. తాగుడు మానండి, పొగాకు మానండి, ఇల్లు కట్టుకోండి అని చర్చిలలో ఉపన్యాసాలు చెప్పారు. లింకన్ పేరూ, ప్రభుత్వం పేరూ వెనక వుండటంతో ఈ డబ్బుకు ప్రభుత్వమే పూచీ అని జనం నమ్మారు. ఆ నమ్మకాన్ని చెరపటానికి ఎవరూ శ్రమపడలేదు.

జనం పాఠం నేర్చుకోలేదా? బ్రహ్మాండంగా నేర్చుకున్నారు! నిన్నటిదాకా తామే ఒకరి ఆస్తిగా లెక్కకెక్కినవాళ్ళు తమ పేర ఖాతా తెరిచారు. చాకిరేవు స్త్రీలు, కూలివాళ్ళు, వంటవాళ్ళు, చిన్న సంఘాలు, చర్చిలు - అంతా కలిసి తొమ్మిదేళ్ళలో 5 కోట్ల 70 లక్షల డాలర్ల దాకా ఆ బ్యాంకులో వేశారు, తీసుకున్నారు. చాలా ఖాతాలు యాభై డాలర్ల లోపువి. పేదవాడికి పొదుపు చేతకాదన్న సిద్ధాంతానికి చరిత్రలో ఇంతకంటె గట్టి జవాబు లేదు.

మొదటి చట్టం ప్రకారం బ్యాంకు సొమ్ములో పెద్దభాగం ప్రభుత్వపు బాండ్లలోనే పెట్టాలి. 1870లో చట్టం సవరించారు. సగం దాకా భూములూ ఇళ్ళూ తాకట్టు పెట్టుకుని అప్పులివ్వవచ్చునన్నారు. బ్యాంకు ఆర్థిక సంఘానికి అధిపతి హెన్రీ కుక్. అతని అన్న జే కుక్ ఆనాటి అమెరికాలో అతి పెద్ద ఫైనాన్సు వ్యాపారి, రైలుమార్గాల బాండ్ల జూదంలో మునిగినవాడు. చాకిరేవు స్త్రీ దాచుకున్న డాలరు ఎవరి చేతులలోకి వెళ్ళిందో వేరే చెప్పాలా? బ్యాంకు ఇచ్చిన అప్పులలో చాలాభాగం వాషింగ్టన్‌లోని తెల్లజాతి వ్యాపారులకూ కంట్రాక్టర్లకూ పోయింది. 1873 సెప్టెంబరులో జే కుక్ కంపెనీ కూలింది, దానితో దేశమంతటా దివాలాలు. 1874 మార్చిలో ఫ్రెడరిక్ డగ్లస్‌ను తెచ్చి బ్యాంకు అధ్యక్షుణ్ణి చేశారు. బానిసగా పుట్టి, బానిసత్వ నిర్మూలనకు పోరాడి, నల్లజాతివారి గుండెలలో స్థానం సంపాదించుకున్న మనిషి పేరు బోర్డుమీద పెడితే జనం పరుగెత్తరు గదా అన్నది ఎత్తు. ఆయన తన సొమ్ము పదివేల డాలర్లు కూడా బ్యాంకుకు అప్పుగా ఇచ్చాడు. లోపల చూసి, ఇది నిలిచేది కాదని తెలుసుకుని, ఆ మాట సెనేటు సంఘానికి తానే చెప్పాడు. జూన్ చివర తలుపులు మూశారు. అప్పటికి 61 వేలమందికి పైగా ఖాతాదార్లకు దాదాపు 30 లక్షల డాలర్లు రావాలి. 1883 దాకా అయిదు విడతలుగా ప్రకటించింది మొత్తంమీద నూటికి 62 వంతు. అది కూడా అందుకోలేకపోయినవాళ్ళు ఎందరో. ప్రభుత్వం ఆ లోటు పూడ్చలేదు.

డుబాయిస్ 1903లో ఈ బ్యాంకు సంగతి తలచుకుంటూ, మరో పదేళ్ళ బానిసత్వం కూడా ఆ ప్రజల పొదుపు అలవాటును ఇంతగా గొంతు నులిమి వుండేది కాదన్న అర్థం వచ్చే మాట రాశాడు. డబ్బు పోవటం కంటె నమ్మకం పోవటం పెద్ద నష్టమని ఆయన భావం. ఇందులో పాఠం నేర్చుకున్నవాడి తప్పు ఎక్కడుంది? తరువాత కాలంలో, నల్లజాతివాళ్ళు బ్యాంకులను నమ్మరు, చేతికి వచ్చింది ఖర్చు చేస్తారు, అది వాళ్ళ స్వభావం అని రాసినవాళ్ళూ వున్నారు. మోసం చేసినవాడి చరిత్ర మరుగునపడి, మోసపోయినవాడి అలవాటు "మనస్తత్వం"గా మిగిలింది.

మనకూ ఇటువంటి అనుభవం లేకపోలేదు. 1906 అక్టోబరు 22న మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. తెల్లదొరల కంపెనీ, శతాబ్దం పైబడిన పరువు. రాజధాని ఉద్యోగులూ, పింఛనుదార్లూ, మొఫసిలు ధనికులూ నమ్మి దాచుకున్నారు. లండన్‌లోని భాగస్వామి జూదపు పెట్టుబడులతో అంతా ఊడ్చుకుపోయింది. అతను రైలు కింద పడి చనిపోయాడు. సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు పద్దెనిమిది నెలల కఠినశిక్ష పడింది. అయితే ఇక్కడ కథ మరో మలుపు తిరిగింది. దెబ్బతిన్న జనం పొదుపు మానలేదు. తెల్లవాడి పరువును నమ్మటం మానారు. మరుసటి ఏడాదే మద్రాసులో ఇండియన్ బ్యాంకు వచ్చింది. 1923లో బందరులో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) దేశీయ పెట్టుబడి తన వర్గప్రయోజనం కోసమే బ్యాంకులు పెట్టుకుందన్నది నిజమే. అయినా ఈ రెండు ఘట్టాలకూ తేడా గుర్తించాలి. మద్రాసు మధ్యతరగతికి దివాలా తర్వాత తమ సొంత సంస్థ కట్టుకునే బలం వుంది. 1874 నాటి అమెరికా నల్లజాతి కూలికి అది లేదు.

ఇక డబ్బు మనస్తత్వం సంగతి. ఈ శాస్త్రం ఒట్టి బూటకమని తోసెయ్యటం మూర్ఖత్వం. కానెమన్, ట్వర్‌స్కీ 1979లో ప్రకటించిన పరిశోధన, మనిషి లాభంకంటె నష్టానికి ఎక్కువ చలిస్తాడని చూపింది. కానెమన్‌కు 2002లో, అదే దారిలో నడిచిన థేలర్‌కు 2017లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతులు వచ్చాయి. మనిషి లాభనష్టాలు తూచే యంత్రం అన్న పాత బూర్జువా అర్థశాస్త్రానికి ఇది లోపలినుంచి తగిలిన దెబ్బే. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ శాస్త్రం క్లాసురూములోకి దిగేటప్పుడు. అక్కడ అది మళ్ళీ స్మైల్స్ చొక్కా తొడుక్కుంటుంది.

ఉదాహరణకు స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన ప్రయోగం ఈ పాఠాలన్నిటిలోనూ వుంటుంది. పసిపిల్ల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామంటారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో బాగా రాణించారని తర్వాత తేల్చారు. దీన్నిబట్టి ఓపిక పట్టగలవాడు బాగుపడతాడు, పట్టలేనివాడు పేదవాడవుతాడు అని ఉపన్యాసకులు సూత్రం తీశారు. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ అనే ముగ్గురు 900కు పైగా పిల్లల వివరాలు తీసుకుని చూస్తే, ఇంటి పరిస్థితులూ తల్లి చదువూ లెక్కలోకి తీసుకున్న తర్వాత ఆ సంబంధం మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. నా దృష్టిలో ఇంతకంటె ముఖ్యమైనది 2013లో రాచెస్టర్‌లో జరిగిన చిన్న ప్రయోగం. ఇరవై ఎనిమిదిమంది పిల్లలలో సగంమందికి ముందుగా ఒక పెద్దమనిషి మంచి రంగులు తెస్తానని చెప్పి తెచ్చాడు. తక్కినవారికి తెస్తానని చెప్పి తేలేదు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పద్నాలుగురిలో తొమ్మిదిమంది పదిహేను నిమిషాలూ ఆగారు. మాట తప్పినవాణ్ణి చూసిన పద్నాలుగురిలో ఆగింది ఒక్కరు. వాళ్ళకు నిగ్రహం లేదందామా, లోకజ్ఞానం వుందందామా? 1874లో వాషింగ్టన్ బ్యాంకు తలుపుల ముందు నిలబడ్డ జనం ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలరు.

2013లోనే తమిళనాడు చెరకురైతుల మీద జరిగిన పరిశోధన మరొకటుంది. కోతకు ముందు చేతిలో డబ్బులేని రోజులలో ఒకసారి, కోత తర్వాత డబ్బు వచ్చాక ఒకసారి, 464 మంది రైతులకు ఒకే రకమైన బుద్ధిపరీక్షలు పెట్టారు. అదే రైతు, అదే మెదడు. కోతకు ముందు తక్కువ చేశాడు, కోత తర్వాత ఎక్కువ చేశాడు. లేమి మనిషి ఆలోచననే ఆక్రమించుకుంటుందని వాళ్ళు తేల్చారు. మన కథకులు ఈ మాట ఎప్పటినుంచో చెబుతూనే వున్నారు, నోబెలు ఎవరూ ఇవ్వలేదు.

ఇంతకూ ఈ పాఠం చెప్పినందువల్ల ప్రవర్తన మారుతుందా? 2014లో 168 పరిశోధన పత్రాలను కలిపి చూసిన సమీక్ష, మనుషుల ఆర్థిక ప్రవర్తనలో కనిపించే తేడాలలో ఈ బోధన వల్ల వచ్చేది నూటికి 0.1 వంతు మాత్రమేనని లెక్క కట్టింది. తరువాత 76 ప్రయోగాలను పరిశీలించిన మరో సమీక్ష అంత నిరాశ అక్కరలేదనీ, కొంత ఫలితం వుందనీ చెప్పింది. వాదం తెగలేదు. పాఠంలో ఏం చెప్పారు, ఎవరు ఎవరికి చెప్పారు అనే ప్రశ్నలు ఈ సగటు లెక్కలలో కనబడవు. అవి చూడాలంటే నెల్లూరు జిల్లాకు రావాలి.

1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడులలో స్త్రీలు చదివిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వుంది. భర్త కూలిడబ్బు సారాకొట్టులో పోతుంటే ఊరి ఆడవాళ్ళంతా కలిసి కొట్టు మూయించిన కథ. దూబగుంట స్త్రీలు ఆ పాఠం చదివి, చర్చించి, తమ ఊళ్ళో సారా దుకాణం మీదికి నడిచారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతటా తెలిసింది. ఇది కుటుంబ ఆర్థికం పాఠం కాక మరేమిటి? కూలి ఎంత, ఇంటికి వచ్చింది ఎంత, మిగిలింది ఎవరి పెట్టెలోకి పోయింది? కాని ఆ లెక్క భర్తకు నిగ్రహం నేర్పమనటం దగ్గర ఆగలేదు. సారా కంట్రాక్టరు దగ్గరికీ, అతనికి వేలంపాట పాడిన ప్రభుత్వం దగ్గరికీ వెళ్ళింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది.

ఆ స్త్రీలే రోజుకొక రూపాయి చొప్పున "పొదుపు లక్ష్మి" సంఘాలు కట్టారు. ఇక్కడిదాకా రాచ్‌డేల్ దారి. ఆ తర్వాత మళ్ళీ మలుపు. స్త్రీలు సంఘాలుగా కూడటం, ఒకరికొకరు పూచీ పడటం, వాయిదా తప్పకపోవటం - పోరాటంలో సంపాదించుకున్న ఈ గుణాలన్నీ సూక్ష్మరుణ కంపెనీలకు తాకట్టు లేని చోట తాకట్టయ్యాయి. 2006లో కృష్ణాజిల్లా అధికారులు ఆ కంపెనీల శాఖలు యాభై దాకా మూయించారు. అయినా ఆగలేదు. 2010 ఆగస్టులో ఈ రంగంలోని పెద్ద కంపెనీ షేర్లను మార్కెట్టు ఎగబడి కొన్నది. అదే ఏడాది అక్టోబరుకు ఆత్మహత్యల వార్తలమధ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారంవారం వసూళ్ళు ఆపి నెలవారీ చెయ్యమన్నది. పొదుపు నేర్చిన స్త్రీలే ఎక్కువగా చిక్కుకున్నారు; పొదుపు నేర్చారు కాబట్టే కంపెనీలు వాళ్ళను వెతుక్కుంటూ వచ్చాయి.

ఆ కంపెనీల వడ్డీ లెక్క చూడండి. పదివేల అప్పు, నూటికి పదిహేను వడ్డీ, యాభై వారాల్లో వారానికి 230 రూపాయలు. వినటానికి బాగానే వుంది. కాని బాకీ వారంవారం తరిగిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదనే పడుతోంది. తరుగుతున్న బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి నూటికి దాదాపు 29 అవుతుంది. మన ఊళ్ళలో "నూటికి రెండు" అంటే నెలకు రెండని అందరికీ తెలుసు, ఏడాదికి ఇరవైనాలుగు. ఆ షావుకారు దుర్మార్గుడు, పదిహేను అన్న కంపెనీ ధర్మవడ్డీది అని మా విద్యార్థులలో సగానికి పైగా మొదట అనుకున్నారు. ఇది క్లాసులో చెప్పవలసిన పాఠమా, కాదా? దీన్ని దూరం పెడితే లాభపడేది ఎవరు?

2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దుచేసి, డిసెంబరు 1న కేంద్ర విద్యాశాఖ "విత్తీయ సాక్షరతా అభియాన్" అని కాలేజీ విద్యార్థులను ఊళ్ళమీదికి పంపింది. నగదు లేకుండా డబ్బు చెల్లించటం ప్రజలకు నేర్పాలట. ఏటీఎం ముందు రోజంతా నిలబడ్డ మనిషికి కుర్రవాళ్ళు వెళ్ళి డబ్బు గురించి పాఠం చెప్పటం! టెంపుల్ దొర, ఆ తర్వాత పాస్‌బుక్కు. ఇక్కడ వరస ఇంకా త్వరగా నడిచింది, మూడు వారాలే.

అలా ఫోన్లోకి వెళ్ళిన డబ్బు వెనకాల ఎవరు వెళ్ళారో మనకు తెలుసు. 2020 డిసెంబరులో తెలంగాణలో లోన్‌యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ళలో యువకులున్నారు. అయిదువేలు అప్పని చెప్పి, ముందే పదిహేనువందలు కోసుకుని, ఏడు రోజులలో అయిదువేలు కట్టమంటే వారానికి నూటికి 43 వడ్డీ అయింది. కట్టకపోతే ఫోనులో వున్న పేర్లన్నిటికీ అవమానపు సందేశాలు. షేర్‌మార్కెట్టులో ఫ్యూచర్సు, ఆప్షన్సు జూదం మరో ముఖం. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన లెక్క ప్రకారం మూడేళ్ళలో ఆ ఆట ఆడిన కోటిమందికి పైగా వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1 లక్షా 80 వేల కోట్లు దాటింది. ఆడేవాళ్ళలో ముప్ఫయ్యేళ్ళ లోపువారు ఒక్క ఏడాదిలో నూటికి 31 నుంచి 43 అయ్యారు. నష్టపోయినవాడి మనస్తత్వం గురించి బోలెడు పుస్తకాలు దొరుకుతాయి. గెలిచింది ఎవరన్నది కూడా ఆ లెక్కలోనే వుంది: పెద్ద సంస్థలు, యంత్రాలతో వ్యాపారం చేసే కంపెనీలు. ఈ రెండో సగం మా పాఠ్యపుస్తకంలో లేదు.

కాబట్టి ఈ పాఠం మనం చెప్పాలి. వదిలేస్తే దాన్ని చెప్పటానికి షేర్ల దళారులు సిద్ధంగా వున్నారు. అతిథి ఉపన్యాసకులుగా కాలేజీలకు వస్తూనే వున్నారు. వడ్డీ లెక్కతోపాటు వడ్డీ చరిత్ర చెప్పాలి. ఖర్చుల పద్దు రాయించేటప్పుడు రాబడి పద్దు కూడా రాయించాలి. తండ్రి కూలి, తల్లి కూలి, వాటి తేడా, కాలేజీ ఫీజు, హాస్టలు ఖర్చు, ఇంట్లో వున్న అప్పు ఏ సంవత్సరంలో ఏ కారణంగా మొదలైంది - ఇవి రాస్తే, నేను చూసినంతలో, అప్పుకు మొదలు విలాసం కావటం అరుదు. ఆసుపత్రి, పెళ్ళి, బోరుబావి, చదువు. సాహిత్యం చదివినవాళ్ళకు పద్దులు పరాయివేమీ కావు. విజయనగరం మహారాజు తయారుచేయించిన జాబితానుంచి, మూడేళ్ళలో 1,034 శుల్క వివాహాలు జరిగాయన్న లెక్కను గురజాడ తన "కన్యాశుల్కం" మొదటి కూర్పు పీఠికలోనే పెట్టాడు. లుబ్ధావధాన్లు ఒక్కడి పిసినిగొట్టుతనం వల్ల ఆ అంకె రాదని ఆయనకు తెలుసు.

మా తెలుగు శాఖకు ఇందులో ప్రత్యేకంగా ఒక పని కూడా వుంది. రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే అప్పులన్నిటికీ ముఖ్యాంశాల పత్రం ఒకటి ఇవ్వాలి. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి నూటికి ఎంత పడుతుందో అందులో చూపాలి. అప్పు తీసుకునేవానికి అర్థమయ్యే భాషలో అది వుండాలి. ఈ సెమిస్టరులో మా రెండో సంవత్సరం విద్యార్థులు తమ ఇళ్ళనుంచి అటువంటి పత్రాలు పద్దెనిమిది తెచ్చారు. పదకొండు పూర్తిగా ఇంగ్లీషులో వున్నాయి. మిగిలిన ఏడింటిలో అక్షరాలు తెలుగువి, మాటలు ఇంగ్లీషువి. "డిమినిషింగ్ బ్యాలెన్స్" అని తెలుగులో రాసి వుంటే అది ఏ తల్లికి అర్థమవుతుంది? ఇప్పుడు క్లాసులో వాటిని ఒక్కొక్కటిగా "తరుగుతున్న బాకీ", "ముందుగా కోసుకున్న సొమ్ము", "వాయిదా తప్పితే పడే జుర్మానా" అని తిరగరాస్తున్నాం. నాలుగు పూర్తయ్యాయి.